క్లోరిన్ మానకుండా దాని ఉప ఉత్పత్తులను తగ్గించుకోవడం ఎలా: ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల తెలుగు ఇళ్ళకు

కొండల మీద తొలకరి పడి వంశధారకు, నాగావళికి, మహేంద్రతనయకు కొత్తనీరు దిగే రోజుల్లో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. అడవిలో ఏడాది పొడుగునా రాలిన ఆకు, కుళ్ళిన వేరు, పశువుల పేడ వాననీటిలో నానిపోయి, ఆ రసమంతా నదిలోకి, చెరువులోకి, నూతిలోకి చేరుతుంది. సరిగ్గా అప్పుడే వాంతులు, విరేచనాలు ప్రబలుతాయన్న భయంతో పంచాయతీవారు నీటిలో క్లోరిన్‌ను విడుదల చేసే బ్లీచింగ్ పొడి మోతాదు పెంచుతారు. ఆ ఆకురసంలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే కొత్త రసాయనాలనే క్రిమిసంహారక ఉప ఉత్పత్తులు అంటారు. వాటిలో ముఖ్యమైనవి రెండు కుటుంబాలు. ట్రైహాలోమీథేన్‌లు మొదటిది, క్లోరోఫామ్, బ్రోమోడైక్లోరోమీథేన్, డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫామ్ అనే నాలుగూ దీనిలోకి వస్తాయి. రెండవది హాలోఅసిటిక్ ఆమ్లాలు. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నీటి సరఫరా సంస్థలో పనిచేసిన జొహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త 1974లో వీటి సంగతి బయటపెట్టేదాకా, క్లోరిన్ వేసిన నీటిలో ఇలాంటివి పుడతాయన్న ఊహే ఎవరికీ లేదు.

ఈ మాట విన్న కొందరు వెంటనే బ్లీచింగ్ మానేద్దామంటారు. ఆ పని ఎంతమాత్రం చేయకూడదు. 2007లో రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా ఎంతమందిని పొట్టనపెట్టుకుందో ఈ ప్రాంతంలో గుర్తున్నవారు ఇంకా ఉన్నారు. 2022 జూలైలో కాశీపురం బ్లాకులో అదే జబ్బు మళ్ళీ వచ్చింది. కలరా కొన్ని గంటల్లో ప్రాణం తీయగలదు. ఉప ఉత్పత్తుల కీడు, ఉన్నంతమేరకు, దశాబ్దాల తరబడి తాగితే కలిగే కీడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా ఉప ఉత్పత్తులను తగ్గించే ప్రయత్నంలో క్రిమిసంహారం విషయంలో రాజీ పడరాదనే చెబుతున్నాయి. అందువల్ల ఇక్కడ చెప్పబోయే పద్ధతులన్నింటికీ ఆధారం ఒక్కటే: క్లోరిన్‌ను తగ్గించవద్దు, క్లోరిన్ కలపబోయే నీటిలోని మడ్డిని తగ్గించండి.

ఆరోగ్యానికి కలిగే హాని ఎంత

క్లోరోఫామ్‌ను ఎక్కువ మోతాదులో ఇచ్చిన జంతువులలో కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్లోరోఫామ్‌ను, బ్రోమోడైక్లోరోమీథేన్‌ను, డైక్లోరోఅసిటిక్, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లాలను మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిగా, అంటే 2బీ వర్గంలో, చేర్చింది. అయితే క్లోరిన్ వేసిన తాగునీటిని మొత్తంగా పరిశీలించినప్పుడు, 1991లో, అదే సంస్థ దానిని తగిన ఆధారాలు లేని 3వ వర్గంలో ఉంచింది. మనుషుల మీద జరిగిన అధ్యయనాలలో కాస్త నిలకడగా కనబడే సంబంధం మూత్రాశయ క్యాన్సర్‌తో ఉన్నది. ఐరోపా సమాఖ్య దేశాల మీద 2020లో వెలువడిన ఒక అంచనా ప్రకారం అక్కడి మూత్రాశయ క్యాన్సర్ కేసుల్లో దాదాపు 5 శాతం ట్రైహాలోమీథేన్‌లకు ఆపాదించదగినవి. గర్భిణుల విషయంలో బిడ్డ బరువు కొద్దిగా తగ్గవచ్చునని కొన్ని అధ్యయనాలు సూచించాయి. 1998లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక పరిశోధన గర్భస్రావాలతో సంబంధం చూపింది గాని, ఆ తరువాతి పెద్ద అధ్యయనం దానిని బలపరచలేదు. కాబట్టి ఇంట్లో గర్భిణి ఉంటే కొంచెం ఎక్కువ జాగ్రత్త పడటం సబబే కాని, కుళాయి నీటిని చూసి హడలిపోనవసరం లేదు.

తాగడం ఒక్కటే దారి కాదన్నది చాలామందికి తెలియని విషయం. ట్రైహాలోమీథేన్‌లు తేలికగా ఆవిరయ్యే పదార్థాలు కనుక, తలుపులు మూసిన స్నానాలగదిలో వేడినీళ్ళ షవర్ కింద నిలబడినప్పుడు ఊపిరి ద్వారానూ, చర్మం ద్వారానూ శరీరంలోకి వెళతాయి. స్నానాలగదికి వెంటిలేటర్ తెరిచి ఉంచడం, గీజర్ నీటిని బకెట్‌లో పట్టుకుని తగినంత చన్నీళ్ళు కలిపి పోసుకోవడం చాలు. ఇందుకోసం ఏమీ కొననవసరం లేదు.

ముందు మీ నీరు ఎక్కడిదో తెలుసుకోండి

లోతైన బోరు నీటిలో సేంద్రియ పదార్థం సాధారణంగా తక్కువ, కాబట్టి క్లోరిన్ వేసినా ఉప ఉత్పత్తులు తక్కువే పుడతాయి. బోరు నీటికి బ్లీచింగ్ కలిపిన వెంటనే ఎర్రగానో గోధుమ రంగుగానో మారితే అది ఇనుము తుప్పు పట్టడం వల్లనే తప్ప ఉప ఉత్పత్తుల వల్ల కాదు; వీటికి నీటిలో ఉండే మోతాదుల్లో రంగూ ఉండదు, వాసనా ఉండదు. నది నుంచి తోడి శుద్ధిచేసిన నీరు, చెరువు నీరు, చెట్ల కింది నేలనూతి నీరు, కొండ మీది ఊట నుంచి గొట్టంతో దింపిన నీరు, వీటి విషయంలోనే శ్రద్ధ అవసరం. తేటగా కనిపించే ఊట కూడా మొదటి రెండు మూడు వానలకు పలచటి టీ రంగులోకి మారుతుంది, ఆ రంగే ఆకురసానికి గుర్తు.

వేడి ఎక్కువైనకొద్దీ, నీరు క్లోరిన్‌తో కలిసి ఎక్కువసేపు నిలిచినకొద్దీ, నీటి క్షారగుణం పెరిగినకొద్దీ ట్రైహాలోమీథేన్‌లు ఎక్కువగా తయారవుతాయి. హాలోఅసిటిక్ ఆమ్లాల తీరు కొంత వేరు. పీహెచ్ తక్కువగా, అంటే ఆమ్లగుణం ఎక్కువగా, ఉన్న నీటిలో అవి ఎక్కువగా పుడతాయి. ఎండాకాలం మిద్దె మీద నల్లటి సింటెక్స్ ట్యాంకులో రెండురోజులు నిలవున్న కుళాయి నీరు, అడుగున వేలెడు పాచి, ఒండ్రు ఉంటే, తాగడానికి ఏమాత్రం మంచిది కాదు. గొట్టాల చివరన ఉన్న వీధికి నీరు ఆలస్యంగా చేరుతుంది గనుక అక్కడ ట్రైహాలోమీథేన్‌ల పాళ్ళు సాధారణంగా ఎక్కువ.

నూతికి బ్లీచింగ్ వేసే పద్ధతి

మన ఊళ్ళలో ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. డబ్బాలోంచి గుప్పెడు పొడి తీసి నూతిలో విసరడం, మూడురోజుల తరువాత మళ్ళీ ఇంకో గుప్పెడు. కొన్నిసార్లు ఎక్కువై ముక్కుపుటాలు అదురుతాయి, కొన్నిసార్లు చాలక క్రిములు బతికే ఉంటాయి, సున్నం మాత్రం ప్రతిసారీ అడుగున పేరుకుంటుంది.

బ్లీచింగ్ వేయకముందే నూతిలోని ఆకు, కొమ్మ, చచ్చిన కప్ప మొదలైనవాటిని తీయించాలి. వేసవి చివర నీరు అడుగంటినప్పుడు పూడిక తీయిస్తే ఆ ఏడాదంతా క్లోరిన్ ఖర్చు తగ్గుతుంది, ఉప ఉత్పత్తులూ తగ్గుతాయి. నూతిపైన వల కట్టించడం, ఒరను నేలకంటే ఎత్తు చేయించడం, చుట్టూ చప్టా పోయించి వాననీరు పక్కకు పోయేలా వాలు ఇవ్వడం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. నా అభిప్రాయంలో పంచాయతీ నిధులు ఏ ఫిల్టర్ మీదనైనా ఖర్చుపెట్టే ముందు ఈ చప్టాల మీద ఖర్చుపెట్టాలి.

తరువాత లెక్క. నూతి వ్యాసాన్ని, నీటి లోతును మీటర్లలో కొలవండి. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దానిని లోతుతోను, 3.14తోను గుణించి, 4తో భాగించి, వచ్చినదానిని 1000తో గుణిస్తే లీటర్లు వస్తాయి. వ్యాసం 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు ఉన్న నూతిలో సుమారు 9,420 లీటర్లు ఉంటాయి. మంచి బ్లీచింగ్ పొడి 1,000 లీటర్లకు దాదాపు 2.5 గ్రాములు చాలు కాబట్టి ఈ నూతికి 23 నుంచి 24 గ్రాములు సరిపోతుంది. ఎంత లోతైన నుయ్యైనా సరే గుప్పెడు వేయడానికి అలవాటుపడినవారికి ఈ అంకె చిన్నదిగా తోస్తుంది. అయితే ఇది తేటనీటి లెక్క. బురదగా ఉన్న నీరు ఇంకా ఎక్కువ క్లోరిన్‌ను మింగేస్తుంది, ఉప ఉత్పత్తులు ఎక్కువ పుట్టడానికి కారణం కూడా ఆ మింగడమే.

తూచిన పొడిని ప్లాస్టిక్ బకెట్‌లో వేసి, కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ ఉండలు లేకుండా జావలా కలపండి. ఇనుప బకెట్ వాడవద్దు. ముప్పాతిక వంతు వరకు నీరు నింపి బాగా తిప్పి పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగున తెల్లగా పేరుకుని పైన పచ్చటి ఛాయ ఉన్న తేట నిలుస్తుంది. ఆ తేటను మాత్రమే ఇంకో బకెట్‌లోకి వంచుకుని, దానిని తాడుతో నూతిలోకి దింపి నీటి అడుగుదాకా పైకీ కిందికీ ఆడించండి. అడుగున మిగిలిన సున్నాన్ని నూతిలో పోయకూడదు, దానివల్ల నీటి కాఠిన్యం పెరుగుతుంది. ఈ పని రాత్రి అందరూ నీళ్ళు తోడుకున్న తరువాత చేయడం మేలు. కనీసం గంటసేపు ఎవరూ తోడకూడదు.

పొద్దున్నే క్లోరోస్కోప్‌తో, అంటే నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి కొలిచే చిన్న కిట్‌తో, పరీక్షించాలి. నీటిలో మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. వైరస్‌ల నుంచి రక్షణ కావలసిన సందర్భాల్లో కనీసం 0.5 ఉండాలి. ఆ కిట్‌లోని ఆర్థోటోలిడిన్ అనే ద్రావణం చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, దానిని పది సెకన్లలోపే చూడాలి, ఆలస్యమైతే ఇతర రూపాల క్లోరిన్ కూడా రంగునిచ్చి లెక్క తప్పుతుంది. గులాబిరంగు ఇచ్చే డీపీడీ మాత్రల కిట్ దొరికితే అదే మంచిది. పరీక్షించిన నీటిని తిరిగి బిందెలో పోయవద్దు. అంకె 0.5 దగ్గర ఉంటే చాలు, దానిమీద ఇంకో చెంచా వేయడం వల్ల కొత్తగా కలిగే రక్షణ లేదు. మూత సరిగా లేని డబ్బాలో తేమ పీల్చి ముద్దకట్టిన పొడిలో సత్తువ ఉండదు కనుక, కొత్త పొడికి చెప్పిన తూకం పాత పొడికి పనికిరాదు. చిన్న డబ్బాలు కొని చల్లటి పొడి చోట దాచుకోండి. పొడికి బదులు క్లోరిన్‌నిచ్చే హైపోక్లోరైట్ ద్రావణం వాడే నీటి పథకాల్లోనూ ఇదే నియమం, పైగా ఎండలో నిలవున్న ద్రావణంలో క్లోరేట్ అనే మరో అవాంఛిత పదార్థం పెరుగుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పటిలా వరదనీరు నూతిలోకి దిగితే మామూలు మోతాదు సరిపోదు. అప్పుడు నీటిని తోడించి పారబోసి, గోడలు కడిగించి, ఎక్కువ మోతాదుతో శుద్ధిచేసి, మళ్ళీ తోడించి, ఘాటు తగ్గి క్లోరోస్కోప్‌లో అంకె మామూలుకు వచ్చాకే తాగడానికి వాడాలి.

ఇంట్లో చేయవలసింది

ఇంట్లో వరస తప్పకూడదు: ముందు తేర్చడం, తరువాత క్లోరిన్. బురదనీటికి మొదట క్లోరిన్ మాత్ర వేసి తరువాత పటిక తిప్పితే, అప్పటికే పుట్టిన ఉప ఉత్పత్తులు పటికకు లొంగవు, నీటిలోనే ఉంటాయి. 20 లీటర్ల బిందెకు అర గ్రాము, అంటే చిటికెడు పటిక చాలు. పటికను కలిపి నెమ్మదిగా తిప్పి, రెండు మూడు గంటలు కదపకుండా ఉంచి, పైనీటిని నాలుగు మడతల నూలుగుడ్డలో వడకట్టుకోవాలి. చిల్లగింజను మట్టికుండ లోపలి అంచుకు అరగదీసి నీరు తేర్చే అలవాటు ఇంకా ఉన్న ఇళ్ళలో దానిని మానవలసిన పని లేదు, అయితే గింజ రసం కూడా సేంద్రియమే గనుక కొద్దిగా వాడి, పూర్తిగా తేరాకే పైనీటిని తీసుకోవాలి. ఆ తేటలో ప్యాకెట్ మీద రాసిన మోతాదు ప్రకారం మాత్ర వేసి అరగంట ఆగండి.

మునిసిపాలిటీ కుళాయి నీరు ఇప్పటికే శుద్ధిచేసి వస్తుంది కనుక దానికి మళ్ళీ మాత్ర అవసరం లేదు. కుళాయిలో తేలికగా బ్లీచింగ్ వాసన వస్తే అది రక్షణ మిగిలి ఉన్నదనడానికి గుర్తు. ఆ వాసన నచ్చనివారు వెడల్పు మూతి పాత్రలో పట్టి, పలచటి గుడ్డ కప్పి కొన్ని గంటలు ఉంచితే క్లోరిన్‌తో పాటు ట్రైహాలోమీథేన్‌లలో కొంత భాగమూ పోతుంది.

కాచడం వల్ల ఏమి పోతుంది, ఏమి పోదు అన్నది తెలిసి ఉండటం మంచిది. క్లోరోఫామ్ దాదాపు 61 డిగ్రీల వద్దే మరిగే పదార్థం. మూత తీసి, కిటికీ తెరిచి నీటిని రెండు మూడు నిమిషాలు తెర్ల కాగనిస్తే ట్రైహాలోమీథేన్‌లలో చాలాభాగం ఆవిరై వెళ్ళిపోతాయి. హాలోఅసిటిక్ ఆమ్లాలు ఆవిరి కావు, ఎక్కువసేపు కాచితే నీరు తగ్గి అవి చిక్కబడతాయి కూడా. అందుచేత అరగంట కాచిన నీరు మూడు నిమిషాలు కాచిన నీటికంటే మేలన్నది అపోహ. కాచిన నీటిలో క్లోరిన్ మిగలదు కాబట్టి, చెయ్యి ముంచకుండా, కాడ ఉన్న గరిటెతో తీసుకుంటూ, ఆ రోజే వాడేసుకోవాలి.

డబ్బు పెట్టి కొనదలచినవారు చూడవలసినది యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న ఫిల్టర్. ఈ బొగ్గు క్లోరిన్‌నూ, ట్రైహాలోమీథేన్‌లనూ పట్టుకుంటుంది. దాని పట్టుకునే శక్తికి హద్దు ఉంది. కంపెనీ చెప్పిన లీటర్ల లెక్కకు కార్ట్‌రిడ్జ్ మార్చకపోతే బొగ్గు పనిచేయకపోగా దానిమీద బాక్టీరియా పెరుగుతుంది. కొండప్రాంతపు ఉపరితల జలాల్లో లవణాలు సాధారణంగా తక్కువే, కనుక టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీటికి, సన్నని పొర గుండా నీటిని నెట్టి వడకట్టే ఆర్‌వో యంత్రం కొనడం వృథా ఖర్చని నేను భావిస్తాను. దానిలోనూ క్లోరిన్‌ను, ట్రైహాలోమీథేన్‌లను ఎక్కువగా ఆపేది పొర కంటే ముందుండే బొగ్గే, పైగా నీటిలో సగానికి పైగా కాలువపాలవుతుంది.

పరీక్ష, దాని ఫలితం

జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు ఇచ్చే కిట్‌తో మిగులు క్లోరిన్, పీహెచ్, ఇనుము, ఫ్లోరైడ్, నైట్రేట్ వంటివి తెలుస్తాయి గాని ట్రైహాలోమీథేన్‌లు తెలియవు. వాటికి, ఆవిరయ్యే రసాయనాలను వేరుచేసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ అనే యంత్రం కావాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగపు జిల్లా ప్రయోగశాలలో ముందుగా అడగండి. అక్కడ కాదంటే, ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలను ఆశ్రయించాలి. మామూలు నీళ్ళ సీసాలో పట్టుకుపోతే ఫలితం తప్పు వస్తుంది. ప్రయోగశాలవారు ఇచ్చే చిన్న గాజు సీసాలో (వయల్), వారు వేసి ఇచ్చిన క్లోరిన్ విరుగుడు పొడి ఒలికిపోకుండా, కుళాయిని సన్నగా తిప్పి అంచుదాకా నింపి మూత బిగించాలి. తరువాత తలకిందులు చేసి వేలితో తట్టి చూడండి. ఒక్క బుడగ పైకి వచ్చినా ఆ నమూనా పనికిరాదు, ఎందుకంటే ఆ బుడగలోకే ట్రైహాలోమీథేన్‌లు చేరతాయి. అది మంచుతో చల్లగా ప్రయాణం చేయాలి. నమూనాను గొట్టాల చివరి వీధిలో తీయండి, ఒకసారి వేసవిలో, ఒకసారి వానల్లో.

నివేదికలో మొదట కొలమానం చూడండి, ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు క్లోరోఫామ్ 200, బ్రోమోడైక్లోరోమీథేన్ 60, మిగిలిన రెండూ ఒక్కొక్కటి 100 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లోరోఫామ్‌కు 300 వరకు అనుమతిస్తుంది, మిగిలినవాటికి ఇవే అంకెలు, కాని ప్రతిదానినీ దాని పరిమితితో భాగించి వచ్చిన నాలుగు అంకెలూ కూడితే 1 దాటకూడదని అదనపు నియమం పెట్టింది. అమెరికాలో నాలుగింటి మొత్తానికి ఏడాది సగటు 80, ఐరోపా సమాఖ్యలో మొత్తానికి 100. ఉదాహరణకు ఒక నమూనాలో ఇవి వరుసగా 60, 24, 10, 2 మైక్రోగ్రాములు ఉన్నాయనుకుందాం. భారత పరిమితుల్లో అన్నీ లోపలే. ఆరోగ్య సంస్థ లెక్కలో 0.2, 0.4, 0.1, 0.02 కలిపి 0.72, అదీ సరే. మొత్తం 96 కనుక ఐరోపా ఒప్పుకుంటుంది, అదే అంకె ఏడాది సగటుగా నిలిస్తే అమెరికా ఒప్పుకోదు. ఇలాంటి నీరు తాగదగినదే, అయితే శుద్ధి కేంద్రంలో పటిక దశ మెరుగుపడాలని అడగడానికి మీకు ఆధారం దొరికినట్టే.

అడగడం రాతపూర్వకంగా ఉండాలి. పట్టణాల్లో ప్రజారోగ్య ఇంజనీరింగ్ విభాగాన్ని, పల్లెల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగాన్ని సంప్రదించండి. పట్టణాల్లో ఇంటింటికీ వచ్చే జలసాథి అమ్మలకు నీటిని పరీక్షించే శిక్షణ కూడా ఉంటుంది కాబట్టి, బిల్లు కట్టేటప్పుడే ఆమె చేత మిగులు క్లోరిన్ చూపించుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలంటే ఒడిశాలో తెలుగు చెల్లదు. ఒడియా, హిందీ, ఇంగ్లీషులలో ఏదో ఒక భాషలో రాయాలి. మన పిల్లలు బడిలో ఒడియా చదువుకున్నవారే గనుక వారిచేత రాయించండి. అడగవలసినవి ఇవి: కిందటి వానాకాలంలో ముడినీటి మడ్డి కొలతలు, రోజూ వాడిన పటిక, క్లోరిన్ మోతాదులు, గొట్టాల చివర మిగులు క్లోరిన్ అంకెలు, ట్రైహాలోమీథేన్‌ల పరీక్ష ఎప్పుడైనా జరిపి ఉంటే దాని నివేదిక. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. నివేదిక అందాక పటిక మోతాదు పెరిగిన రోజుల పక్కన క్లోరిన్ మోతాదు తగ్గిందో లేదో చూస్తే, శుద్ధి కేంద్రంలో మడ్డిని ముందుగా తీస్తున్నారో, క్లోరిన్‌తోనే నెట్టుకొస్తున్నారో చాలావరకు తెలిసిపోతుంది.